కొరియా పాటలు, సీరియళ్ళు, నూడుల్స్: డబ్బు పెట్టాలంటే దేని మీద పెట్టాలి?

మా మేనకోడలు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అడిగింది: "మామయ్యా, బీటీఎస్ వాళ్ళ కంపెనీ షేర్లు కొంటే ఎలా ఉంటుంది? ప్రపంచమంతా వాళ్ళ పాటలే వింటోంది కదా!" బీటీఎస్ అంటే కొరియాలోని ఏడుగురు కుర్రాళ్ళ పాటల గ్రూపు. నేను వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఊరెళ్ళిపోయాక తనకు చెప్పడం కోసమే ఈ కంపెనీల లెక్కలు చదవడం మొదలుపెట్టాను. అందులో నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న చాలామంది ఇళ్ళలో ఉందని నాకు తెలుసు.

ముందు ఒక్క రోజు సంగతి చెప్తాను. 2020 అక్టోబరు 15న బీటీఎస్ కంపెనీ కొరియా స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. అప్పుడు దాని పేరు బిగ్ హిట్, ఇప్పుడు హైబ్. ఐపీఓ ధర, అంటే జనానికి మొదటిసారి షేర్లు అమ్మిన ధర, 1,35,000 వాన్లు (వాన్ కొరియా కరెన్సీ). మొదలవడమే రెట్టింపు ధరకి, 2,70,000 దగ్గర మొదలైంది. నిమిషాల్లో 3,51,000కి ఎగబాకి, సాయంత్రానికి 2,58,000 దగ్గర ఆగింది. మర్నాడు ఇంకో ఐదో వంతుకు పైగా పోయింది. ఆ రెండు రోజుల్లో బీటీఎస్ అభిమానుల సంఖ్య ఒక్కటి కూడా తగ్గలేదు. పాటలు అవే, ఆదరణ అదే. నష్టపోయింది మాత్రం అభిమానంతో పై ధరకి కొన్నవాళ్ళు.

ఎంతమంది విన్నారు, ఎంతమంది చూశారు అన్నది ఒక లెక్క. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్ళింది, అందులో వాటాదారుకి ఏం మిగిలింది అన్నది వేరే లెక్క. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

## కొనే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఈ ఆదరణ ఎవరి ఆస్తి? ఇది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. స్టార్ వెళ్ళిపోతే కంపెనీ దగ్గర ఏం మిగులుతుంది? సీరియల్ హిట్ అయితే హక్కులు తీసినవాళ్ళవా, చూపించినవాళ్ళవా?

ఎంతమంది మీద ఆధారపడింది? ఏడుగురు కుర్రాళ్ళ మీదా, ఇరవై గ్రూపుల మీదా, లేక ఒక మసాలా పొడి మీదా?

షేరు ధరలో కొరియా సంస్కృతి వాటా ఎంత? కొరియా ఫండ్ అన్న పేరు చూసి కొంటే అందులో నిండా మెమరీ చిప్‌లు ఉండొచ్చు.

మన దగ్గర నుంచి దారి ఉందా, దానికి ఖర్చెంత? హైదరాబాదులో ఉన్నవాళ్ళకీ డల్లాస్‌లో ఉన్నవాళ్ళకీ జవాబు ఒకటి కాదు.

ఈ నాలుగింటి ముందు ఒక్కో ఎంపికనూ పెట్టి చూద్దాం.

## పాటల కంపెనీలు: హైబ్, ఎస్ఎమ్, జేవైపీ, వైజీ

కె-పాప్, అంటే కొరియా పాప్ పాటలు, అనగానే అందరి మనసూ వీటి మీదికే పోతుంది. హైబ్ కొరియా ప్రధాన స్టాక్ మార్కెట్ అయిన కోస్పీలో ఉంది, మిగతా మూడూ చిన్న, కొత్త కంపెనీలు ఎక్కువగా ఉండే కోస్‌డాక్‌లో ఉన్నాయి. ఎస్ఎమ్ 1995లో లీ సూ-మాన్ అన్నాయన పెట్టినది, 2000లోనే మార్కెట్లోకి వచ్చింది. నిజానికి ట్రైనీలను చిన్న వయసులో తీసుకుని ఏళ్ళ తరబడి తయారుచేసే పద్ధతిని ఒక పరిశ్రమగా నిలబెట్టింది వీళ్ళే.

ఈ కంపెనీల ఆస్తి నడిచే మనుషులు. వాళ్ళకి వయసు వస్తుంది, ఒప్పందాలు ముగుస్తాయి, అబ్బాయిలైతే సైన్యానికి వెళ్ళాలి. కొరియాలో కళాకారుల ఒప్పందానికి ఏడేళ్ళు అన్నది ప్రామాణిక గడువుగా స్థిరపడింది. అందుకే ప్రతి గ్రూపుకీ ఏడో ఏడు వస్తోందంటే అభిమానులకెంత టెన్షనో వాటాదారులకీ అంతే.

బిగ్ హిట్ మార్కెట్లోకి వచ్చినప్పుడు ఇచ్చిన పత్రాల ప్రకారం 2019 ఆదాయంలో 97 శాతం బీటీఎస్ నుంచే వచ్చింది. అది తెలిసే కొన్నారు కొనేవాళ్ళు. 2022 జూన్‌లో గ్రూపు కార్యక్రమాలకి కొంత విరామం అని బీటీఎస్ చెప్పిన మర్నాడు షేరు దాదాపు పావు వంతు పోయింది. ఒక్క వీడియో, ఒక్క రోజు. వైజీలో ఇదే కథ తిరగేసి జరిగింది: 2023 డిసెంబరులో బ్లాక్‌పింక్ గ్రూపు ఒప్పందం కొనసాగుతుందని ప్రకటించగానే షేరు ఒక్క రోజులో ఐదో వంతుకు పైగా లేచింది. నలుగురు అమ్మాయిల సంతకాల మీద ఒక లిస్టెడ్ కంపెనీ విలువ అంత ఊగుతుంది.

హైబ్ ఈ బలహీనత తెలుసుకుని చాలా పని చేసింది, దాన్ని మెచ్చుకోవాలి. సెవెంటీన్ లాంటి గ్రూపులున్న లేబుళ్ళను కొనేసింది. 2021లో వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి అమెరికాలో సంగీత రంగ కంపెనీ ఇథాకా హోల్డింగ్స్‌ను తీసుకుంది. వీవర్స్ అన్న సొంత యాప్ పెట్టి అభిమానులను నేరుగా తన దగ్గరికి తెచ్చుకుంది. 2023లో ఆదాయం 2 లక్షల కోట్ల వాన్లు దాటింది. కొరియా పాటల కంపెనీల్లో ఆ గీత దాటిన మొదటిది ఇదే. 2025లో ముంబైలో ఇండియా శాఖ కూడా తెరిచింది. అయినా 2024 ఏప్రిల్‌లో తన సొంత లేబుల్ అడోర్ అధిపతితో గొడవ బయటపడింది. ఆ ఏడాది నవంబరులో న్యూజీన్స్ గ్రూపు తాము వెళ్ళిపోతున్నామని ప్రకటించింది. ఒప్పందం చెల్లుతుందని 2025లో కోర్టు చెప్పింది. కానీ ఆ ఏడాదిన్నర కాలం ఆ గ్రూపు సంపాదించాల్సిన డబ్బు ఎక్కడుంది? గెలిచిన కేసు పోయిన కాలాన్ని తిరిగి ఇవ్వదు.

జేవైపీ నాకు కొంచెం కుదురుగా కనిపించింది. 2022లో ట్వైస్ గ్రూపులోని తొమ్మిది మందీ ఒప్పందం పొడిగించుకున్నారు. ఈ రంగంలో అది చిన్న విషయం కాదు. అయితే మంచి కంపెనీని ఏ ధరకైనా కొనొచ్చు అనుకోకూడదు. 2023 జూలైలో 1,40,000 వాన్ల పైన ఉన్న అదే జేవైపీ షేరు, 2024లో ఒక దశలో అందులో సగం కూడా లేదు.

ఎస్ఎమ్‌ది ఇంకో రకం పాఠం. 2023 వసంతంలో దాన్ని సొంతం చేసుకోవడానికి హైబ్, కొరియా ఇంటర్నెట్ కంపెనీ కకావో పోటీపడ్డాయి. హైబ్ 1,20,000 వాన్లు ఇస్తానంది, కకావో 1,50,000 ఇచ్చి గెలిచింది. ఆ వేడిలో వార్తలు చూసి కొన్నవాళ్ళు 2024 అంతా లక్ష లోపు ధరను చూస్తూ కూర్చున్నారు. కొత్త గ్రూపులూ, కొత్త పాటలూ వస్తూనే ఉన్నాయి ఆ ఏడాది.

ఈ వరసలో ఒకే ఒక్క కంపెనీ షేరు కొని దాచుకోవడం నాకు ఇష్టం లేదు. కొనాలనే ఉంటే కనీసం రెండు మూడు కలిపి, అదీ అందరూ విసుగెత్తి వదిలేసినప్పుడు కొనాలి.

## సీరియళ్ళు, సినిమాలు: పేరు కొరియాది, లాభం ఎవరిది?

2021 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన స్క్విడ్ గేమ్‌ను మొదటి 28 రోజుల్లో 165 కోట్ల గంటల పాటు జనం చూశారు. తీయడానికయిన ఖర్చు సుమారు 2 కోట్ల 14 లక్షల డాలర్లు. హక్కులు మాత్రం నెట్‌ఫ్లిక్స్‌వి. తీసినవాళ్ళకి ఖర్చు మీద కొంత లాభం ముందే ముట్టింది, హిట్ వల్ల వచ్చిన కొండంత విలువ నెట్‌ఫ్లిక్స్ దగ్గరే ఉండిపోయింది.

మొదటి ప్రశ్న ఎందుకంత పెద్దదో ఇక్కడ తెలుస్తుంది. సొంత పొలం ఉన్న రైతుకీ, కూలీకి నాట్లు వేసిన మనిషికీ పంట బాగా పండిన ఏడాదే తేడా తెలుస్తుంది.

సీరియళ్ళు తీసే కంపెనీల్లో మార్కెట్లో దొరికే పెద్ద పేరు స్టూడియో డ్రాగన్. కొరియా వినోద సంస్థ సీజే ఈఎన్ఎమ్‌కి అనుబంధ సంస్థ. 2017 నవంబరులో 35,000 వాన్ల ధరకి మార్కెట్లోకి వచ్చింది, 2018లో లక్ష దాటింది. తర్వాత ప్రపంచం కొరియా సీరియళ్ళ మీద మునుపెన్నడూ లేనంతగా పడింది. షేరు మాత్రం 2023 నాటికి సగానికి వచ్చేసింది. నటుల పారితోషికాలు పెరిగాయి, ఒక్కో ఎపిసోడ్ ఖర్చు పెరిగింది, కొరియా టీవీ ఛానళ్ళకు ప్రకటనలు తగ్గి కొనే సీరియళ్ళ సంఖ్య తగ్గింది, మిగిలిన పెద్ద కొనుగోలుదారు ధర తనే చెప్పే స్థితికి వచ్చాడు. ఆదరణ పెరిగి లాభం తగ్గిన రంగం చూడాలంటే ఇదే.

మరి నెట్‌ఫ్లిక్స్ షేరే కొంటే? ఇండియా నుంచి అమెరికా షేర్లు కొనే యాప్‌లలో సులువుగా దొరుకుతుంది, హక్కులూ దాని దగ్గరే ఉన్నాయి. 2023లో నాలుగేళ్ళలో కొరియాలో 250 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది కూడా. కానీ నెట్‌ఫ్లిక్స్‌కి కొరియా ఒక గది మాత్రమే, ఇల్లంతా కాదు. అమెరికా చందాలు, ప్రకటనలు, క్రీడా హక్కులు, కంపెనీల కొనుగోళ్ళ వార్తలు అన్నీ ఆ షేరును కదిలిస్తాయి. నెట్‌ఫ్లిక్స్ మంచిదనిపిస్తే నెట్‌ఫ్లిక్స్ కోసమే కొనండి. కొరియా కోసం కొన్నానని చెప్పుకోవద్దు.

## నూడుల్స్, ఫేస్ క్రీములు: తెర బయట పెరిగిన డబ్బు

నేను చదువుతూ చదువుతూ ఆగిపోయిన చోటు ఇది.

సమ్యాంగ్ ఫుడ్స్ 1961లో పుట్టిన కంపెనీ. 1963లో కొరియాలో మొదటి ఇన్‌స్టంట్ రామ్యన్ చేసింది వీళ్ళే. ఆ తర్వాత దశాబ్దాలు ఇతర కంపెనీల వెనక పడిపోయింది. వ్యవస్థాపకుడి కోడలు కిమ్ జంగ్-సూ ఒకరోజు సోల్‌లోని మ్యాంగ్‌డాంగ్‌లో ఘాటైన చికెన్ కొట్టు ముందు జనం బారులు తీరడం చూశారు. ఆ ఘాటును నూడుల్స్‌లోకి తెచ్చి 2012లో బుల్డాక్ పేరుతో విడుదల చేశారు. తినలేక కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే తినే వీడియోలు ఊరూరా తిరిగాయి. 2024 వచ్చేసరికి కంపెనీ ఆదాయంలో నాలుగింట మూడొంతులకు పైగా కొరియా బయటి నుంచి వస్తోంది. 2025 మే నెలలో షేరు 10 లక్షల వాన్లు దాటింది. గుంటూరు మిరపకాయ తిని పెరిగిన మనకి ఆ ఘాటు పెద్ద విశేషం కాదు గానీ, ఆ వ్యాపారం మాత్రం విశేషమే.

బుల్డాక్ పొట్లానికి ఏడేళ్ళ ఒప్పందం లేదు. సైన్యానికి వెళ్ళదు. హక్కులు పూర్తిగా కంపెనీవి. తిన్నవాళ్ళు మళ్ళీ కొంటారు. ఆదరణకు కారణం సీరియళ్ళూ పాటలే అయినా డబ్బు నిలిచింది ఇక్కడ.

ప్రమాదం లేదని కాదు. ఒక్క సరుకు మీదే ఎక్కువ బరువు ఉంది. 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం ఘాటు మరీ ఎక్కువని మూడు రకాలను వెనక్కి పిలిచింది, తర్వాత కొన్నిటికి అనుమతి ఇచ్చింది. అన్నిటికన్నా, ఇంత పెరిగిన షేరులో రాబోయే ఏళ్ళ మంచి రోజులకి కూడా ధర ముందే కలిపి ఉంటుంది.

సౌందర్య సాధనాల్లో కథ ఇంకా పాతది, దెబ్బలూ ఎక్కువే. అమోర్‌పసిఫిక్ ఒకప్పుడు చైనా కొనుగోళ్ళ మీద ఆకాశానికి లేచింది. 2016లో కొరియా తన గడ్డ మీద అమెరికా థాడ్ క్షిపణి రక్షణ వ్యవస్థకు ఒప్పుకోవడంతో చైనా కొరియా కచేరీలనూ, సీరియళ్ళనూ, పర్యాటకులనూ అనధికారికంగా ఆపేసింది. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి కంపెనీకి ఏళ్ళు పట్టింది. చివరికి కాస్‌ఆర్‌ఎక్స్ అన్న చిన్న బ్రాండును కొని అమెరికా వైపు తిరిగింది. ఈలోగా మెడిక్యూబ్ అన్న సౌందర్య బ్రాండును అమ్మే ఏపీఆర్ 2024 ఫిబ్రవరిలో మార్కెట్లోకి వచ్చి, ఏడాదిన్నరకే మార్కెట్ విలువలో అమోర్‌పసిఫిక్‌ను దాటేసింది. ఈ రంగంలో రాజు ఎంత త్వరగా మారతాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే ఇక్కడ నా చూపు కాస్‌మాక్స్, కోల్మార్ కొరియా లాంటి కంపెనీల మీద ఉంది. వీటి పని ఇతరుల బ్రాండ్ల కోసం క్రీములు తయారుచేసి ఇవ్వడం. పెళ్ళి ఎవరిదైనా పందిరి వేసేవాడికి పని ఉంటుంది. ఈ ఏడాది ఏ బ్రాండు గెలిచినా తయారీ వీళ్ళ దగ్గరికే వచ్చే అవకాశం ఎక్కువ. లాభం శాతం బ్రాండ్లంత ఉండదు, ఎగిసిపడే ఆనందమూ ఉండదు. ఎక్కువ కాలం దాచుకునేవాళ్ళకి అది లోపం కాదు.

## ఫండ్లు, ఈటీఎఫ్‌లు

2022 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కె-పాప్, కొరియా వినోద కంపెనీల కోసమే ఒక ఈటీఎఫ్ (షేరులా మార్కెట్లో కొని అమ్ముకునే ఫండ్) మొదలైంది. ఆలోచన బాగుంది, పాటల కంపెనీలన్నీ ఒకే బుట్టలో వస్తాయి. కానీ ఇలాంటి చిన్న ఫండ్లలో కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ తక్కువ. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా ఎక్కువ ఉంటుంది. పెట్టుబడి పెరగకపోతే నడిపేవాళ్ళు మూసేస్తారు, మనకు నచ్చని సమయంలో డబ్బు తిరిగి వస్తుంది. ఏ థీమ్ ఫండైనా కొనే ముందు దాని మొత్తం పరిమాణం చూడండి.

పెద్దది కావాలంటే 2000 నుంచీ ఉన్న ఐషేర్స్ ఎంఎస్‌సీఐ సౌత్ కొరియా ఈటీఎఫ్ ఉంది. కొనడం తేలిక, అమ్మడం తేలిక. కానీ అందులో మూడో వంతుకు పైగా సామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్, ఎస్‌కే హైనిక్స్ రెండే ఉంటాయి. 2025 అక్టోబరులో కోస్పీ సూచీ మొదటిసారి 4,000 దాటినప్పుడు దాన్ని మోసింది చిప్‌లే, పాటలు కాదు. ఇది కొరియా మీద పెట్టుబడి, కొరియా సంస్కృతి మీద కాదు. తెలిసి కొంటే చక్కని ఎంపిక.

మన దేశంలోని ఎమర్జింగ్ మార్కెట్ మ్యూచువల్ ఫండ్లు రూపాయల్లోనే కొనొచ్చు. కొరియా అందులో ఒక చిన్న భాగం, ఆ భాగంలోనూ చిప్ కంపెనీలే ముందు. హల్యూ (ప్రపంచమంతా పాకిన కొరియా సంస్కృతి ఆదరణ) వాసన కూడా తగలదు.

ఇంకో పొరపాటు గురించి చెప్పాలి. మన మార్కెట్లో దొరికే కొరియా పేర్లు కదా అని హ్యుందాయ్ మోటార్ ఇండియా, ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ ఇండియా షేర్లను ఈ ఖాతాలో వేసుకునేవాళ్ళున్నారు. వాటి లాభం మన ఊళ్ళో అమ్ముడయ్యే కార్ల మీద, ఫ్రిజ్‌ల మీద ఆధారపడుతుంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చి మన వాళ్ళకి ఉద్యోగాలు వచ్చాయి, సంతోషం. దానికీ కె-పాప్ ఆదరణకీ సంబంధం లేదు.

| ఎంపిక | ఆదరణ ఎవరి ఆస్తి | దేని మీద ఆధారం | హల్యూ వాటా | ఇండియా నుంచి దారి |
|---|---|---|---|---|
| పాటల కంపెనీలు | సగం కంపెనీది, సగం కళాకారులది | కొద్దిమంది మనుషులు | దాదాపు పూర్తిగా | కష్టం |
| సీరియల్ స్టూడియోలు | చాలాసార్లు కొనుగోలుదారుది | ఒకరిద్దరు పెద్ద కొనుగోలుదారులు | ఎక్కువ | కష్టం |
| నెట్‌ఫ్లిక్స్ | పూర్తిగా కంపెనీది | ప్రపంచమంతటి చందాదారులు | తక్కువ | సులువు |
| నూడుల్స్, సౌందర్య బ్రాండ్లు | కంపెనీది | ఒకటి రెండు సరుకులు | మధ్యస్థం | కష్టం |
| క్రీముల తయారీదారులు | ఫ్యాక్టరీ, ఫార్ములా కంపెనీవి | చాలా బ్రాండ్లు | మధ్యస్థం | కష్టం |
| కొరియా ఈటీఎఫ్ | వర్తించదు | చిప్‌లు | చాలా తక్కువ | సులువు |

## దారి ఖర్చులు

పై పట్టికలో "కష్టం" అన్నచోట ఆగండి. విదేశీ వ్యక్తులు కొరియాలో ముందుగా పేరు నమోదు చేసుకోవాలన్న పాత నిబంధనను 2023 డిసెంబరులో ఎత్తేశారు. అయినా మన దగ్గర వాడుకలో ఉన్న యాప్‌లు ఎక్కువగా అమెరికా మార్కెట్‌కే దారి ఇస్తాయి. సోల్ మార్కెట్ మన టైమ్ ప్రకారం తెల్లవారి 5:30కి తెరుచుకుని మధ్యాహ్నం 12కి మూసుకుంటుంది. ఒక్క రోజులో షేరు 30 శాతం దాకా పడొచ్చు, లేవొచ్చు, అదే అక్కడి పరిమితి.

డబ్బు బయటికి పంపడానికి రిజర్వ్ బ్యాంకు పథకం ఎల్ఆర్ఎస్ కింద ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా వీలుంది. పెట్టుబడి కోసం ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటి పంపితే పై మొత్తం మీద 20 శాతం టీసీఎస్ అన్న పన్ను ముందే పట్టుకుంటారు. రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. రెండేళ్ళు దాటి అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, అంతకు ముందైతే మీ స్లాబు ప్రకారం. రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ నింపడం మర్చిపోవద్దు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల విలువ 20 లక్షలు దాటి ఉండి చూపించకపోతే 10 లక్షల జరిమానా వేసే చట్టం ఉంది. అమెరికా షేర్లు, ఈటీఎఫ్‌లు 60,000 డాలర్లు దాటితే మనిషి పోయిన తర్వాత అక్కడి ఎస్టేట్ పన్ను కూడా వారసుల మీద పడుతుంది.

20,000 రూపాయలతో మొదలుపెట్టేవాళ్ళకి బ్యాంకు పంపే చార్జీ, డాలరుగా మార్చే తేడా, రిటర్న్ నింపే ఆడిటర్ ఫీజు కలిపి చూస్తే మొదటి ఏడాది లాభం అక్కడే కరిగిపోతుంది.

## ఎవరికి ఏది

ఉద్యోగంలో కొత్తగా చేరి, కె-పాప్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళకి: మా మేనకోడలికి చెప్పిందే మీకూ. కచేరీ టికెట్టుకీ ఆల్బమ్‌కీ పెట్టే డబ్బు సంతోషం కోసం, దానికి లాభనష్టాల లెక్క వద్దు. పెట్టుబడి డబ్బు వేరే డబ్బాలో ఉండాలి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టి, ఇక్కడి ఇండెక్స్ ఫండ్‌లో సిప్ మొదలయ్యాకే ఈ ఆలోచన. లోపలి వార్తలు మీకు అందరికన్నా ముందు తెలుస్తాయన్న నమ్మకంతో షేరు కొనొద్దు. సోల్‌లో ఉన్న అభిమానులకి ఇంకా ముందే తెలుస్తుంది. ఆల్బమ్ వెంట వచ్చే స్టార్ల ఫొటోకార్డులు దాచి అమ్ముకోవడం సరదాగా ఉంటే చేయండి, దాన్ని మాత్రం పెట్టుబడి అనొద్దు.

పదిహేనేళ్ళుగా షేర్లలో ఉండి, విదేశీ ఖాతా ఉన్నవాళ్ళకి: మొత్తంలో 5 శాతం దాటకుండా ఈ రంగానికి ఇవ్వొచ్చని నా అభిప్రాయం. కొరియా మార్కెట్‌కి నేరు దారి ఉంటే అందులో సగానికి పైగా తయారీదారులకీ, తిండి కంపెనీలకీ ఇస్తాను. మిగిలింది పాటల కంపెనీలు రెండు మూడింటికి. సీరియల్ స్టూడియోలకి ఏమీ ఇవ్వను. హక్కులు తమ దగ్గరే ఉంచుకునే ఒప్పందాలు అవి చేసుకోగలుగుతున్నాయని లెక్కల్లో కనిపించిన రోజు మళ్ళీ చూస్తాను.

అమెరికాలో ఉన్న మన వాళ్ళకి: ఎల్ఆర్ఎస్, టీసీఎస్ బాధ లేదు. మీ బ్రోకరేజీ ఖాతాలో కొరియా ఈటీఎఫ్ ఐదు నిమిషాల పని. అక్కడ పన్ను కడుతూ ఇండియా మ్యూచువల్ ఫండ్ ద్వారా కొరియాకి వెళ్ళాలని మాత్రం చూడొద్దు. అలాంటి విదేశీ ఫండ్ల మీద అమెరికా పన్ను నిబంధనలు చాలా కఠినంగా, చిక్కుగా ఉంటాయి.

పిల్లల ఇష్టం చూసి వాళ్ళ పేరు మీద ఏదైనా కొందామనుకునే అమ్మానాన్నలకి: ముందు పిల్లలతో కూర్చుని ఒక్క కంపెనీ వార్షిక నివేదిక చదవండి. కొరియా ప్రభుత్వ డార్ట్ వెబ్‌సైట్లో లిస్టెడ్ కంపెనీల నివేదికలు ఉచితంగా దొరుకుతాయి, పెద్ద కంపెనీలైతే తమ సైట్లలో ఇంగ్లీషులోనూ పెడతాయి. ఆల్బమ్‌ల నుంచి ఎంత, కచేరీల నుంచి ఎంత, బొమ్మలూ టీషర్టుల నుంచి ఎంత వచ్చిందో చూపించి, కళాకారులకి ఎంత పోయిందో వాళ్ళనే వెతకమనండి. మా మేనకోడలు హైబ్ నివేదికతో మొదలుపెట్టింది. ఇప్పుడు కాస్‌మాక్స్‌ది చదువుతోంది. ఇంకా ఒక్క షేరూ కొనలేదు.